చెయ్యి జారిన చోట

మట్టెవాడ పాతకాగితాల కొట్లో
చిరిగిన గెజిట్లతో, ఎవరివో పెళ్లికార్డులతో కలిసి
కిలో పన్నెండు రూపాయల లెక్కన
తూకానికెక్కిందీ పేజీ.
కొట్టాయన దాన్ని విడిగా తీసి
"పాముబొమ్మ, తీస్కపోండ్రి మేడం" అని
పైసలు వద్దన్నాడు.

మూడు నాలుగు వందల ఏండ్ల కిందటిది కావచ్చు.
సముద్రంలోంచి లేచి
ఓడను నడుముకు చుట్టుకున్న పాము.
తెరచాప కన్నా ఎత్తు తల,
గుర్రానికున్నట్టు జూలు,
పైగా చెవులు.
పాముకు చెవులుండవని ఇరవై రెండేండ్లుగా
ఏటా ఒకసారి బోర్డు మీద రాస్తున్నదాన్ని నేను.

కింద మూలన మన నాగుపాము.
పడగ మీద కళ్లద్దాల గుర్తు అని ఎవరు చెప్పారో,
నిజంగానే కళ్లద్దాలు పెట్టేశాడు,
ముక్కు మీద ఆనే వంపుతో సహా.

క్లాసులో చూపిస్తే పిల్లలు పడిపడి నవ్వారు.
ఫార్మలిన్ సీసాలో ముప్పై ఏండ్లుగా తెల్లబడుతున్న కట్లపాము
నవ్వలేదు.

ఇత్తడి ఫ్రేము కట్టించాలని పెంబర్తి పోయాను.
లక్క మీద పరిచిన రేకును పక్కకు జరిపి
ఐలాచారి కాగితాన్ని వెలుగుకు ఏటవాలుగా పట్టాడు.
గోటితో గీతల వెంట నడిచాడు.
"రాగిరేకు మీద ఉలిపని ఇది.
ఆయన ఎడమ దిక్కు చెక్కిండు, మీకు కుడి దిక్కు పడ్డది.
మేమూ గంతే గద,
వెనుకనుంచి కొడతం, ముందర లేస్తది."

పాము సంగతి అడిగాను.
"సముద్రం జూడలే ఈయన."
మీరు చూశారా?
"నేనేడ జూసిన!
పొలుసులు జూడు, అంగట్ల చేపవి.
మొఖం నీరుకట్టెది.
గుర్రం వాకిట్లనే కట్టేసి ఉంటది.
ఉన్నయే తెచ్చి అతికిండు.
నలభై ఏండ్ల సంది మకరతోరణాలు కొడుతున్న,
మకరాన్ని ఎవలు జూసిన్రు?
నాయిన కొట్టింది జూసి నేను,
తాత కొట్టింది జూసి నాయిన.
మొట్టమొదటాయన దేన్ని జూసిండో…"

బయట జనగామ బస్సు హారన్ కొట్టి వెళ్లిపోయింది.
అందులోనే వెళ్లాల్సింది నేను.

తోక దగ్గర ఆయన గోరు ఆగింది.
ఆఖరి మెలిక దాటి
వెంట్రుకంత గీత ఒకటి
నీళ్లను కోసి, గీసిన చట్రాన్ని కోసి
అంచు దాకా పోయింది.
ఇన్నాళ్లూ అది అల అనుకున్నాను.

"అల గాదు. గీడ చెయ్యి జారింది.
లోపటికెళ్లి ఎవరో పిలిచిన్రు,
బువ్వకో, పిల్లగాడు పడ్డడనో.
గీకి మెరుగు పెడితే పోవు.
పెట్టలే."

పది రోజులకు ఫ్రేము వచ్చింది.
తోక దిక్కున మాత్రం
అంగుళం ఎక్కువ వదిలాడు.

ల్యాబు గోడకు తగిలించాను.
వంకరగా ఉందని
అటెండర్ సదయ్య
పొద్దున్నే వచ్చి రోజూ సరిచేస్తాడు.