తిరగేసి

అల్లిపురంలో షాపు షట్టరు సగం దించాక
మిషను కిందున్న గోనెసంచి బోర్లిస్తాను.
వారమంతా కోసిన జాకెట్ల చంకముక్కలు,
ఫాల్సు కొసలు, కురచ చేసిన నేవీ తెల్లప్యాంట్ల కాళ్ళు,
బడిపిల్లల మెరూను.
మిగిలిన గుడ్డ ఎవరూ అడగరు.
అడిగేది కనకమాలక్ష్మి గారొక్కరే.
"మీటరిచ్చాను కదా, మిగిలిందేదమ్మా?"
మిగిలింది ఇదిగో,
నాలుగో గడిలో చిలకాకుపచ్చ త్రికోణమై కూర్చుంది.
ఆవిడకి మాత్రం, దారాల్లో పోయిందండీ అన్నాను.

ఒక్కో గడి జానెడు.
ఎవరి పెళ్ళిదో శుభలేఖ అట్ట, అదే నా అచ్చు.
సుద్దతో గీసి, పావంగుళం వదిలి కోస్తాను.
ఆ పావంగుళం దగ్గరే తప్పుతాను ఎప్పుడూ.
నాలుగు మొనలూ ఒక్క చుక్క మీద కలవాలా,
నావి జగదాంబ జంక్షన్లో ఆటోల్లా
ఒకదాన్నొకటి తోసుకుంటాయి.

దాలమ్మత్త చూస్తే నవ్వేది:
"బొంతకి మొనలేటే? కాళ్ళు కప్పితే సాలదేటి?"
తుఫానుకి కిటికీ రెక్క ఎగిరిపోయిన రాత్రి
ఆవిడ బొంతనే మేకులు కొట్టి బిగించాం.
తెల్లారేదాకా అది పడవ తెరచాపలా ఉబ్బింది, చిరగలేదు.
నాలుగు మూలలా నాలుగు కన్నాలు, ఇప్పటికీ.

ఆదివారం సన్యాసమ్మని వెంటేసుకుని
బీచి రోడ్డు హాల్లో బొంతల ప్రదర్శనకి వెళ్ళాను.
క్విల్ట్ షో అని రాసుంది. టిక్కెట్టు యాభై.
లోపల ఏసీ చలి.
అంత చలిలో అన్ని బొంతలు,
ఒక్కటీ ఎవరి మీదా కప్పి లేదు.
సన్యాసమ్మ నా చెవిలో,
"ఈల్ల ఇల్లల్లో పక్క తడిపే పిల్లలు లేరు గావాల."

చివరి గోడ మీద డాల్ఫిన్స్ నోస్ కొండ,
దాని కింద సముద్రం, పదకొండు రకాల నీలాలు.
లెక్కపెట్టాను.
ప్రతి మొనా కలిసింది.
కడుపులో ఏదో మెలిపడింది.
అసూయే. దానికి వేరే పేరెందుకు.

ముట్టుకోరాదు అని బోర్డు.
పక్కన తెల్ల గ్లౌజులు తొడుక్కుని ఒక కుర్రాడు.
"బాబూ, వెనక వైపు చూపిస్తావా?"
పొద్దుట్నుంచీ ఎవరూ అడగలేదట.
రెండు వేళ్ళతో అంచు పట్టి ఎత్తాడు,
నిద్రపోతున్న మనిషి మీంచి దుప్పటి తీస్తున్నట్టు.

ముడులు.
తెంపడం మరిచిన దారం, బెత్తెడు.
వెనక గుడ్డ చాలక వేసిన పూల లంగా అతుకు.
కొండ అంచు పొడుగునా
కుట్టి, విప్పి, కుట్టి, మళ్ళీ విప్పిన సూది కన్నాల వరస.
నా వేళ్ళకి ఆ కన్నాలు బాగా తెలుసు.
ఎంతసేపు చూశానో,
"చెయ్యి నొప్పెడతందమ్మా" అన్నాడు కుర్రాడు.

బయట ఎండ, ఉప్పుగాలి.
సన్యాసమ్మ మురీ మిక్చర్ పొట్లం విప్పి,
"వచ్చే ఏడు నువ్వూ ఎట్టకూడదేటి?" అంది.
జవాబు చెప్పలేదు. నిమ్మకాయ ఎక్కువైంది మిక్చర్లో.

సోమవారం జాకెట్టు కోసం కనకమాలక్ష్మి గారొచ్చారు.
ఏం పూనిందో, పన్నెండు గళ్ళూ బల్ల మీద పరిచి
చిలకాకుపచ్చ మీద వేలు పెట్టాను.
"ఇదిగోండి, మీ మిగులు."
కళ్ళజోడు దించి చూశారు, ఎత్తి చూశారు.
తిట్టడానికి ఊపిరి తీసుకున్నారనుకున్నాను.
"ఆ పక్కన మెరూను చచ్చినట్టుంది.
పసుపుండాలి అక్కడ. రేపు నా పాత పట్టు తెస్తాను,
చిరిగింది, ఏడ్చింది, ఎందుకూ పనికిరాదు.
మిగిలితే మాత్రం తిరిగిచ్చెయ్యాలి."

షట్టరు దించి బ్లేడు తీశాను.
ఒక్కో కుట్టే తెంపుతూ మెరూను విప్పుతున్నాను.
కన్నాలు మిగిలిపోతాయి.
పట్టు రేపొస్తుంది.