పదిహేను కిలోలు

పర్లాకిమిడిలో మేం తెల్లారి టీకి
రాష్ట్రం దాటి పాతపట్నం పోతాం.
పాస్‌పోర్టు లేదు, ముద్ర లేదు.
ఒరియాలో బయల్దేరిన మాట
ఏరు దాటేసరికి తెలుగైపోతుంది.

అలాంటి నాకు
ఒక్క కాగితం మీద మూడు దేశాలొచ్చాయి.
బాంకాక్, బుసాన్, తైపే, మళ్ళీ బాంకాక్.
చవక కొరియా విమానం, సొసైటీ వాళ్ళు కొన్నది.
భోజనం పెట్టరు, నీళ్ళు కొనుక్కోవాలి,
సామాను పదిహేను కిలోలు.

మా మామ లింగరాజు కొమ్ములు తిరిగిన పనివాడు.
ఈ మాట ఆయనకి అతికినట్టు ఇంకెవరికీ అతకదు.
దున్నకొమ్ముని సెగకి వంచి
కొంగ మెడ తీస్తాడు, రొయ్య మీసం తీస్తాడు.
ఈమధ్య చెయ్యి వణుకుతోంది.
అంచేత కొంగలతో నేను.
"కొమ్ము తేలికే కేదారీ,
గాల్లోకి దానికదే లేస్తాది" అన్నాడు.

ముందురోజు సంచి
జీడిగింజల కామేశం కాటా మీద పెట్టాం.
సరిగ్గా పదిహేను.
ఇరవయ్యేళ్ళుగా మా అత్త
పప్పు ఒలిచి తూయించుకునేది అక్కడే.
కిలోకి ఇంతని కూలి,
వేళ్ళకి జీడినూనె మరక ఉత్తినే.

బాంకాక్‌లో అర్ధరాత్రి దాటింది.
నారింజ రుమాలు మెడకి చుట్టిన పిల్ల
సంచి పెట్టమంది.
ఎర్ర అంకెలు ఊగి ఊగి ఆగాయి.
పదహారు పాయింట్ నాలుగు.

మీ కాటా తప్పమ్మా, అన్నాను తెలుగులోనే.
ఏం అర్థమైందో, పక్క కాటా మీద పెట్టించింది.
పదహారు పాయింట్ నాలుగు.
దాని పక్కదీ అంతే.
మూడు కాటాలు ఒక్క మాట మీదున్నాయి.
మా వీధిలో రెండు నోళ్ళు కూడా అలా ఉండవు.

అప్పుడు తెలిసింది నాకు.
పదిహేనుకి కిలో నాలుగొందలు.
రోజుకెంత, ఏడాదికెంత,
ఇరవయ్యేళ్ళకి
లెక్క ఆపేశాను. వెనక వరస పెరుగుతోంది.

నేల మీద కూలబడి సంచి విప్పాను.
కొంగలు, రొయ్యలు, పశువుల డాక్టరు ముద్రేసిన కాగితం.
ఇవేమిటన్నట్టు చూసిందా పిల్ల.
కొమ్ము, అన్నాను. ఊహూఁ.
రెండు వేళ్ళు నెత్తిన పెట్టుకుని
దున్నలా తల విసిరాను.
పగలబడి నవ్వి, అటూ ఇటూ చూసి,
నాలుగు కొంగల్ని నా చేతిసంచిలో తనే కుక్కింది.
చేతిసంచిని తూచలేదు.
పేరైనా తెలీని పిల్ల
ఆ రాత్రి నాకు కొమ్ముకాసింది.

సీట్లో మోకాళ్ళు ముందతని వీపుకి తగిలాయి.
మామ చెప్పే నౌపడా చిన్నరైలు గుర్తొచ్చింది.
గుణుపురం దాకా దేక్కుంటూ పోయేదట,
జనం దిగి ఈతపళ్ళు ఏరుకుని
పరిగెత్తి మళ్ళీ ఎక్కేవారట.
ఇక్కడ దిగితే మబ్బే.
నీళ్ళ సీసా ధర చూసి
ఉమ్మి మింగాను.
కిటికీ రెక్క మీద చందమామ అంటుకుని
బుసాన్ దాకా ఊడలేదు,
దానికి టిక్కెట్టెవరు కొన్నారో.

బుసాన్‌లో కొంగలు ఎగిరిపోయాయి.
తైపేలో రెండ్రోజులూ వాన.
రొయ్యలు ఒక్కటీ పోలేదు.
తినేవాటిని చూసుకోడానికి ఎవరు కొంటారు?

తిరిగొచ్చి అత్తకి చెప్పాను.
ఆవిడ ఏమీ అనలేదు.
వంటింట్లోకెళ్ళి ఉప్పు పొట్లం తెచ్చింది,
కిలో అని అచ్చేసున్నది, ఇంకా చింపనిది.
ఏ నెలకానెల ఇంట్లో ఉండేదే.
ఇన్నాళ్ళూ దాన్ని చూసి మాకు తోచలేదు.
తోచడానికి నేను సముద్రాలు దాటాలా?

మర్నాడు పప్పు బుట్టకన్నా ముందు
ఆ పొట్లం పెట్టింది కాటా మీద.
తొమ్మిదివందల పదిహేను.

కామేశం అంకె చూశాడు, అత్తని చూశాడు,
"ఉప్పు కదమ్మా, ఆరిపోయుంటాది" అన్నాడు.

అత్త పొట్లం తియ్యలేదు.
మా వెనకున్న ఆడవాళ్ళు
ఒక్కొక్కరే బుట్ట కిందికి దించారు.