మిగిలిన అక్షరం

కరాఆచ్ పేటలో, మెరిచ్ నదికి అవతలి గట్టున,
పక్షవాతం నెజాహత్ నోట్లో ఇల్లంతా ఊడ్చేసి
ఒక్క అక్షరం వదిలి వెళ్ళింది:
నే.

నలభై ఏళ్ళు ఎదిర్నే బజార్లో సబ్బులమ్మిన మనిషి.
పండ్ల సబ్బులు. ద్రాక్ష గుత్తి, పగిలిన దానిమ్మ,
బుగ్గ ఎర్రబడ్డ పీచ్.
నేతి బీరలో నెయ్యి ఎంతో వాటిలో పండు అంత.
టర్కీ మాటల్లో ధర చెప్పి, గ్రీకులో తగ్గించి,
బల్గేరియన్‌లో చిల్లర లెక్కపెట్టేది.
చిల్లర ఎప్పుడూ ఒక నాణెం తక్కువే,
ఏ భాషలో లెక్కపెట్టినా.

మంగళవారం పొద్దున్నే సరిహద్దు దాటి
వెల్లుల్లి జడ భుజాన వేసుకుని స్తమాతియా వచ్చింది.
"నేను గుర్తున్నానా?"
"నే."
గ్రీకులో అది అవును.
ఒకప్పుడు ఒట్టు పెట్టేటప్పుడు
దేవుడి పేరుకు ముందు నిలబడిన అవును.
జడను మంచం కోడుకి కట్టి
స్తమాతియా చాలాసేపు ముక్కు చీదుకుంటూ కూచుంది.

మధ్యాహ్నం బస్సుకి స్విలెన్‌గ్రాద్ నుంచి దోన్‌కా.
నలభై సబ్బుల బాకీ, రెండు చలికాలాల నాటిది.
పర్సు తెరిచి అడిగింది: "ఇప్పుడిచ్చేయనా?"
"నే."
బల్గేరియన్‌లో అది కాదు, వద్దు.
మన 'నేతి నేతి'లో దాక్కున్న 'న'కు దూరపు చెల్లెలు;
ఎప్పుడు వేరు కాపురాలు పెట్టారో ఇద్దరికీ గుర్తులేదు.
దోన్‌కా తల అడ్డంగా ఊపింది.
వాళ్ళ ఊళ్ళో సరే అనడం అలాగే.
పర్సు మూసేటప్పుడు ఆమె మొహంలో తేలిక చూసి
ఎందుకో నేను సిగ్గుపడ్డాను.

మనవడు ఒక్తాయ్‌కి మాత్రం రోజంతా ఒకటే గోల.
"నీళ్ళు కావాలా నానమ్మా?"
"నే."
టర్కీలో అది, ఏమిటి? అని.
ఎక్కడో ఆర్ఖోన్ లోయ రాళ్ళ మీద
పదమూడు వందల ఏళ్ళ కిందటే చెక్కిన ఏమిటి.
చెవుడు కూడా వచ్చిందనుకుని పిల్లాడు అరిచాడు:
నీళ్ళు! నీళ్ళు!
పక్క వీధి కుక్కలు జవాబిచ్చాయి.

సాయంత్రం టీవీలో కొరియా సీరియల్.
కోడలు పిల్ల అత్తగారి ముందు తల వంచి "నే" అంది.
అక్కడ అది చిత్తం, అలాగేనండీ.
మంచం మీంచి నెజాహత్ కూడా "నే" అంది.
ఆ రోజంతటికీ మాటకు మాట సరిగ్గా అతికింది అప్పుడే.
వాళ్ళిద్దరికీ ఏ చుట్టరికమూ లేదు.

కిటికీ కింద నది.
బల్గేరియాలో మరీత్సా, గ్రీకులకి ఎవ్రోస్, వీళ్ళకి మెరిచ్.
ఒకే నీరు, మూడు పేర్లు.
మంచం మీద తలకిందులు: ఒకే పేరు, మూడు నీళ్ళు.
ఏ నీళ్ళు అడుగుతోందో.

పై గదిలో అద్దెకున్నవాణ్ణి.
రాత్రి మెట్లు దిగుతుంటే, చీకట్లో,
ఎవరూ ఏమీ అడగకుండానే,
"నే."
నా భాషలో అది తోక తెగిన నేను.
తొందరలో, పొగరులో, అలకలో
నే రాను, నే పోతా, నే చెప్పానా అంటామే, ఆ నే.
ఎవరికీ చెప్పలేదు.
ఇప్పటికే ముగ్గురు ఆమె నోట్లోంచి
ఎవరికి కావలసింది వాళ్ళు పట్టుకుపోయారు.
మెట్ల మీద నేనూ సంచి తెరిచే నిలబడ్డానేమో.

పొద్దున ఒక్తాయ్ ఆమె పిడికిట్లో పీచ్ సబ్బు పెట్టాడు.
వాసన చూసింది. కొరకబోయి ఆగింది.
ఒక కన్ను సగం మూసి,
బేరానికొచ్చిన వాళ్ళని చూసినట్టు
మా ఇద్దర్నీ చూసి,
"నే" అంది.

ఒక్తాయ్ జేబులో చిల్లర వెతికాడు.