తెల్ల చుక్కలు

ఫజర్ బాంగు ఇంకా గాలిలో ఉండగానే
మామా మేడ మీంచి కేకేసింది:
"తాలీ! సమక్ మరీజ్!"

మిష్రిఫ్‌లో ఆ విల్లా వెనక, పెంకులు పరిచిన కొలనులో
ఏడు బంగారు చేపలు.
పెద్ద ఎర్రోడి మీద తెల్ల చుక్కలు.
డ్రైవర్ రుహుల్ నిన్న రాత్రే
సాల్మియా పోయి నీలి మందు సీసా తెచ్చాడు,
నాలుగున్నర దినార్లు.
పొయ్యి, పొయ్యి అంటుంది మామా.
నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను.

మా మావయ్య ఆకివీడు చెరువుల మీద
ముప్పై ఏళ్ళు కాపలా కాశాడు.
చేపని చూసేముందు నీళ్ళు చూడమనేవాడు.
దోసిట పట్టు, వాసన చూడు,
వేళ్ళకి జిగురు తగిలితే మేత ఎక్కువైనట్టు.
తెల్లారగట్ట అన్నీ కలిసి నోళ్ళు తెరిస్తే
నీళ్ళలో గాలి చాల్లేదు.
ఒక్కటే తెరిస్తే దాని మొప్పలో ఏదో ఉంది.
గోడకేసి ఒళ్ళు రాసుకుంటే పేను.
మూల నిలబడి రెక్కలు ముడుచుకుందా,
అప్పుడు భయపడు.
ఆయన నాకు సెంటు భూమి ఇవ్వలేదు. ఇది ఇచ్చాడు.

పోయిన ఆగస్టులో
మిద్దె మీది ట్యాంకు నీళ్ళు టీ పొడి వేస్తే చాలన్నట్టున్నాయి.
ఎవరో పైపు తిప్పి మర్చిపోయారు,
కొలను నిండేలోపు రెండు వెల్లకిలా తేలాయి.
అప్పట్నించి నా గదిలో, ఇస్త్రీ బల్ల పక్కన,
డ్రమ్ములో ఒక రాత్రి నిద్ర చేస్తేగాని
నీళ్ళని వాటి దగ్గరికి పోనివ్వను.
పైపుని నిచ్చెనకి కట్టి ఎత్తు నుంచి ధార వదిలాను,
ధార కింద గాలి నురగై దిగింది.
మేత ఆపేస్తే
పస్తు పెట్టి చంపుతున్నానని పిల్లలు ఏడ్చారు.

తలకిందులైన బొండు చేపకి
ఉడికిన బఠాణీ, తోలు తీసి, గోరంత.
నాలుగోనాటికి నిలబడింది.
పేలు పట్టినదాన్ని ఉప్పునీళ్ళలో ఉంచి
వంద రెండుసార్లు లెక్కపెట్టి
మామా కనుబొమ్మల పట్టకారుతో ఒక్కోటీ పీకాను.
(పట్టకారు కడిగి పెట్టేశాను. తెలీదు ఆవిడకి.)
ఒకటి చచ్చిపోయింది.
ఎందుకో నాకు తెలియలేదు. అదీ చెప్పాలి.

ఈ చుక్కలు మాత్రం
ఒళ్ళంతా ఉప్పు చల్లినట్టు లేవు.
మొప్ప మూత మీద, ముందు రెక్క అంచున,
సూదితో కుట్టినట్టు వరసగా.
మేత వేస్తే మొదట వచ్చింది వాడే.
మిగతా పొద్దంతా తెల్లదాని తోక వెంటే.
ఫిబ్రవరి. ఎడారి చలి విరిగిన వారం.

లా, మామా. మరీజ్ లా.
ఆ పై మాట నాకు అరబ్బీలో రాదు.
పొయ్యి మసి వేలికద్దుకుని
బుగ్గన చుక్క పెట్టుకున్నాను.
పెళ్ళికొడుకమ్మా, అన్నాను తెలుగులోనే.
ముందు రుహుల్‌కి అర్థమైంది,
"మిఅరిస్!" అని తొడ చరిచాడు.
మామా నవ్వింది.
మూడేళ్ళకి ఆవిడ పళ్ళు చూశాను.

హైదరాబాదు మెడికల్లో నా ముందు నిలబడ్డ
రాజోలు పిల్ల సౌభాగ్యవతికి
ఎక్స్‌రేలో వచ్చిందీ తెల్ల చుక్కే.
ఎప్పటిది, దగ్గుందా, అన్నం సయిస్తోందా,
ఎవరూ అడగలేదు.
చిన్నప్పటి మచ్చండీ, మానిపోయిందండీ, అంటూనే ఉంది.
అన్‌ఫిట్ ముద్ర తడి ఆరకముందే
చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.
తర్వాతి పేరు నాది. ఊపిరి బిగబట్టమన్నారు.

ఇప్పుడు మామా రోజూ అడుగుతుంది, మిఅరిస్ ఎలా ఉన్నాడని.
నీలి సీసా సీలు తీయకుండా అలమరలో ఉంది.
పాత మాపు దారాలు ఉతికి నీళ్ళలో వేలాడదీశాను.
గుడ్లు వాటికే అంటుకోవాలి,
అంటుకున్నాక ఆ పూటే తీసి వేరే టబ్బులో పెట్టాలి.
లేకపోతే పెట్టిన తల్లే తినేస్తుంది.
ఆ సంగతి మామాకి ఇంకా చెప్పలేదు.