జతపరచినవి

భీమవరం కలెక్టరాఫీసు, సోమవారం.
గోడ నీడన బల్ల వేసుక్కూర్చున్న అర్జీల గవర్రాజు
పెన్ను మూత పంట పట్టుకుని అడిగాడు:
"ఆవిడకి మీరేమవుతారండి?"
తోడికోడలినన్నాను.
రాయలేదు. నా వంక చూశాడు.
"కూతుళ్ళూ కొడుకులూ ఎవరూ..."
లేరు. చేర్పించిన తమ్ముడు పోయినేడు పోయాడు.
మిగిలింది నేను,
పద్దెనిమిదేళ్ళుగా ఆవిడతో మాట్లాడని మనిషిని.

మాట ఆగిపోయింది ములగచెట్టు దగ్గర.
వేరు వాళ్ళవైపు, కాయలు మావైపు.
చెట్టు తుఫానుకి పడిపోయింది,
తగువు మాత్రం నిలబడే ఉంది.
అది రాయక్కర్లేదండి, అన్నాను.

ఇది రాయండి:
కొల్లాటి నూకరత్నం, డెబ్బై మూడేళ్ళు,
నరసాపురం, లేసు అల్లిక.
కుడిపక్క పడిపోయింది. మాట కూడా.
పాలకొల్లు కాలవగట్టున చల్లనినీడ సేవాసదనం,
నెలకి పదహారు వేలు,
ఆవిడ వాటా కొబ్బరితోట కౌలు నేరుగా వాళ్ళ ఖాతాకే.
నడుం కింద పుండు.
కొలుద్దామని అరచెయ్యి పెట్టాను, చాలలేదు.
ఎడం మణికట్టు చుట్టూ చీరపేలిక ఒరుసుకున్న వాత.
బిల్లులో నెలకి తొంభై డైపర్లు,
గదిలో వాసన ఆ లెక్క ఒప్పుకోలేదు.
"ముసలాళ్ళ ఒళ్ళండీ, అలాగే ఉంటాయి" అన్నాడు మేనేజరు.
ఆయనన్నట్టే రాయండి, ఆ 'అండీ'తో సహా.

"రుజువు?"

పర్సులోంచి తీశాను.
దుప్పటి అంచు నుంచి లాగిన తెల్లపోగు,
మూరెడు. నిండా ముడులు.
సూది లాగేసుకున్నారు, గుచ్చుకుంటుందని.
పగలు చెయ్యి విప్పినప్పుడు
ఒక కొస పంట పట్టి, ఎడం చేతి రెండు వేళ్ళతో.

గవర్రాజు వెలుతుర్లో పెట్టి చూశాడు.
"చిక్కుపడ్డ దారంలా ఉందండి."

చిక్కు కాదు బాబూ.
ఉత్త ముడి అంటే ఒక రాత్రి.
పక్కన ఉచ్చుంటే ఆ రాత్రి కట్టేశారు.
జంట ముడి, తెల్లార్లూ ఎవరూ పక్క తిప్పలేదు.
ఇదిగో, ఇక్కడ బెత్తెడు ఖాళీ.
జ్వరం. వేళ్ళు లేవలేదు.
నాకెలా తెలుసంటావా?
కాపరానికొచ్చిన కొత్తలో, పదిహేడేళ్ళదాన్ని,
పక్కన కూర్చోబెట్టుకుని అల్లిక నేర్పింది ఆవిడే.
తప్పేస్తే అరిచేది కాదు.
మొత్తం విప్పేసి దారం నా ఒళ్ళో పడేసేది.

చాలాసేపు రాశాడు.
చివర్న, జతపరచినవి:
ఒకటి, మందుల చీటీ నకలు.
రెండు, ఫొటోలు ఆరు.
మూడు
దగ్గర పెన్ను ఆగింది.
తర్వాత తనే రాసుకున్నాడు,
"దారం, మూర పొడవు. చదవగలవారు: అర్జీదారు."
డబ్బులు సగమే తీసుకున్నాడు.

లోపల గుమస్తా దాన్ని పిన్ను చెయ్యబోతే
చెయ్యి అడ్డం పెట్టాను. కవరు వెతికించాను.
రశీదు మీద నంబరు. పదిహేను రోజుల్లో ఎంక్వయిరీ అట.

ఇప్పుడు మా వసారాలో మంచం.
రెండు గంటలకోసారి పక్క తిప్పుతున్నాను,
మా కోడలు సెల్లులో అలారం పెట్టింది.
ఆవిడ మాట్లాడలేదు, నాకు అలవాటు తప్పింది.
ములగాకు పప్పు వండిన రోజు మాత్రం
ఇద్దరం గోడకేసి చూశాం.

నిన్న రాత్రి నకలు చదివి వినిపించాను.
"నలభై రాత్రుల పాటు" అన్న చోట
ఎడం చూపుడువేలు లేచింది.
మళ్ళీ చదివాను. మళ్ళీ లేచింది.
నలభై కాదు.
ముడి మీద ముడి ఎక్కడో చూసుకోలేదు నేను.
దారం కవర్లో ఉంది, కవరు భీమవరంలో ఉంది,
లెక్క ఒక్క ఆవిడ దగ్గరే ఉంది.

కాయితం నా చేతిలోంచి లాక్కుని
నా ఒళ్ళో పడేసింది.

వచ్చే సోమవారం మళ్ళీ ఏడింటి బస్సు.
ఒక్క రాత్రి కోసం.