వంటింటి వంత

ఎర్రగుంట్ల పాలిష్ మిషన్ల కాడ
నేనే ఏరి తెచ్చుకున్న బండ అది.
రెండంగుళాల మందం, అంచున సన్నటి బీట.
బీట చూసి బెంగుళూరు సేటు వద్దన్యాడు.
నాలుగు ఇటుకల మీద పరిచి
దాని మీద రికార్డు ప్లేయరు పెట్టినాను.
సిమెంటు లారీలు పోతాంటే
తలుపులు వణుకుతాయి, గూట్లో గ్లాసులు మాట్లాడుకుంటాయి,
ముల్లు మాత్రం గాడి తప్పదు.

ఇరవై రెండేండ్లు ఆ రాయినే కోసినాను.
నీళ్లు చిమ్ముకుంటా, అరుచుకుంటా బ్లేడు తిరుగుతాంటే
ఎడమ చెవి ఎప్పుడు పోయిందో తెలీదు.
ఒకనాడు ఫోను ఆ పక్క పెట్టుకుని
అవతల మనిషి లేడనుకున్నా.
ఇప్పుడు గేటు కాడ లారీల లెక్క రాస్తాను.
నా చెవిని తిన్న బండే
ఇంట్లో నా పాటను మోస్తాంది.

ఒంటి చెవికి రెండు స్పీకర్లెందుకయ్యా అని
ప్రొద్దుటూరులో యాంప్లిఫయరు అమ్మినాయన నవ్వినాడు.
నిజమే, కుడి పక్క వీణ నా కాడే ఉంటాది,
ఎడమ పక్క మృదంగం పక్కింట్లో వాయిస్తున్నట్టుంటాది.
అయినా కొన్నాను.
వాల్వులు ఎర్రబడినాక
కాలిన దుమ్ము వాసన వస్తాది చూడు,
దానికి చెవులతో పనిలేదు.

"నీ పాటంతా నీ గదికేనా?
నేను ఈ ఆవిట్లోనే ఉండాల్నా?"
సంగటి కెలుకుతా అనింది గంగాదేవి.
అందుకని చాంద్ బాషాను పిలిపించినాను,
పెళ్లిళ్లకు మైకులు కట్టే మౌలాలి మనవడు,
కడపలో డిప్లమా చదివినాడు.
యాంప్లిఫయరు ఎనక
టేపుకని వదిలిన బొక్కల్లో ఎరుపూ తెలుపూ వైర్లు గుచ్చి,
అగ్గిపెట్టెంత డబ్బీకి కలిపి,
వైఫై పాస్‌వర్డు అడిగి,
వంటింట్లో ఉప్పుజాడీ పక్కన
చెంబంత స్పీకరును కూర్చోబెట్టినాడు.
నడుమ తీగ లేదు.
గంగాదేవి గోడ తడిమి చూసింది.

"రెండు సెకండ్లు లేటొస్తాది మామా" అన్యాడు.
"ఈడ పాటను ముక్కలు చేసి పంపాల,
ఆడ మళ్లీ అతకాల, ఆ మాత్రం టయిం పడ్తాది."
ముక్కలు చేసేది నాకు తెలుసు.
అతికేదే ఎవురూ నేర్పలా.

తడిగుడ్డతో తుడిచి
పద్యాల రికార్డు వేసినాను.
ఈడ రాజు పద్యం ముగించి ఊపిరి పీల్చుకుంటే
ఆడ ఇంకా రాగం తీస్తానే ఉన్నాడు.
వంటింట్లో ఎవురో వంత పాడినట్టు.
గడప మీద నిలబడితే
రెండు గొంతులూ నా ఒక్క చెవి కోసం కొట్లాడతాయి.
వారంలో మూడుమార్లు చాంద్‌కు ఫోన్ చేసినా,
ఎట్లన్నా తగ్గించు నాయనా అని.

గంగాదేవి మూకుడు దించి చేతులు తుడుచుకునింది.
"నేను పిలిస్తే నువ్వు పలికేదానికి
దీనికంటే లేటు కాదా?
పదేండ్లాయ.
నేనెవురన్నా మెకానిక్కును పిలిపిస్తినా?"

ఆ మాట కూడా నాకు కాసేపటికి అందింది.
చాంద్‌కు ఫోన్ చేయడం మానేసినా.

మొన్న మధ్యాన్నం కరెంటు పోయింది.
ఫ్యాను ఆగింది. వాల్వులు నల్లబడినాయి.
పళ్లెం నీరసపడి,
రాజు గొంతు బావిలోకి కడవ దిగినట్టు
దిగి దిగి ఆగిపాయ.
వంటింట్లో ఆ బ్యాటరీ చెంబు మాత్రం
తన కాడ దాచుకున్న రెండు సెకండ్లూ పాడేసింది,
నిండుగా,
కరెంటు పోయిన సంగతి ఇంకా తెలియని గొంతుతో.

బండ మీద చెయ్యి పెట్టినాను. చల్లగా ఉంది.
లోపల గరిటె చప్పుడు ఆగింది.
"అయిపాయనా?" అనింది.

కుడి చెవి అటు తిప్పి
"ఉండు" అన్నాను,
"నాకింకా అందలా."