మూడో గడి

అబ్బాసియాలో ఇవాళ దుమ్ము.
కిటికీ సందుల్లో తడిగుడ్డ కుక్కి
కేజీ టూ పిల్లల్ని ఒక్కొక్కరినీ పిలుస్తున్నాను.
ఒక్కొక్కరికి పన్నెండు నిమిషాలు.
కాగితం మీద మూడు గళ్ళు:
వచ్చింది. వస్తోంది. రాలేదు.

రాయడం వచ్చా అని కాదు నేను చూసేది,
రాయడానికి చెయ్యి సిద్ధపడిందా అని.
ఈ తేడా చెప్పబోతే
మీటింగులో సగంమంది తల్లిదండ్రులు
ఫోన్లలోకి తల దించుతారు.

హనోకు వచ్చాడు. ఐదేళ్ళ రెండు నెలలు.
ఎడమ బూటు కుడికాలికి.
నాన్న నీళ్ళ ట్యాంకరు నడుపుతాడు,
అమ్మ హసావీ సందులో అబాయాలు కుడుతుంది.

పూసలు గుచ్చమన్నాను.
దారం కొస నోట్లో తడిపి, పురిపెట్టి,
ఒంటికన్ను మూసి
పదీ గుచ్చేశాడు, అడగకుండానే ముడి వేశాడు.
ముడికి నా కాగితంలో గడి లేదు.

నిలువు గీత. వచ్చింది.
అడ్డగీత కుడి నుంచి ఎడమకి లాగాడు.
"ఇటునుంచి కదా నాన్నా?"
"మా షాపు బోర్డు అటునుంచే మొదలవుద్ది టీచర్."
నా కలం కాసేపు గాల్లోనే ఉంది.

సున్నా చుట్టాడు. కొసలు కలవలేదు,
చీమ దూరేంత ఖాళీ.
"ఇదేంటి?"
"తలుపు."
వస్తోంది, అని పెట్టాను.

ఏటవాలు గీత దగ్గర మొరాయించింది చెయ్యి.
పై మూలనుంచి బయల్దేరి
సరిగ్గా పొట్టకెదురుగా వచ్చేసరికి
పెన్సిలు ఈ చేతిలోంచి ఆ చేతికి మారింది,
చెక్‌పోస్టు దగ్గర సరుకు లారీ మారినట్టు.
ఒంటి నడుమ కనపడని గీత ఒకటుంటుంది.
ఒక చెయ్యి దాన్ని దాటి అవతలికి పోవడానికి
ఏళ్ళు పడుతుంది.
నేను దాటానో లేదో
నాకెవరూ పరీక్ష పెట్టలేదు.

ఇక పట్టు. పిడికిలి బిగించి, రోకలి పట్టినట్టు.
రాలేదు.
మూడో గడిలో నేను టిక్కు కొడుతుంటే
తలకిందులుగా చదివి అడిగాడు:
"టిక్కంటే మంచిదే కదా?"
మంచిదే అన్నాను.

గురువారం వాళ్ళ నాన్న వచ్చాడు,
ట్యాంకరు రోడ్డు మీద ఆపి, సగం తడిసిన చొక్కాతో.
"రోజూ పది పేజీలు రాయిస్తాం మేడమ్, కొట్టైనా సరే."
వద్దన్నాను.
కొన్నాళ్ళు పెన్సిలు దాచెయ్యండి.
చపాతీ పిండి పిసకనివ్వండి,
తడిబట్టలు పిండి, తీగమీద వేసి, క్లిప్పులు పెట్టనివ్వండి.
గోడకి కాగితం అంటించి నిలబడి గియ్యనివ్వండి.
ముందు భుజం గట్టిపడాలి,
వేలు సంగతి తర్వాత.
"దీనికా ఇంత ఫీజు!" అని నవ్వాడు.
కాసేపాగి, తనలో తనే
"గొట్టం బిగించేప్పుడు మాకూ భుజమేలే ముందు" అన్నాడు.

సంతకానికి ఫారం తిప్పి పెట్టాను.
పెన్ను తీసుకున్నాడు.
బొటనవేలు లోపలికి మడిచి, నాలుగు వేళ్ళూ పైన మూసి,
అచ్చం రోకలే.
హనోకు ఆ చేతినీ నా మొహాన్నీ
మార్చి మార్చి చూస్తున్నాడు.
బోర్లించిన పడవల్లాంటి అక్షరాలు,
ఒక్కటీ గీత కిందికి జారలేదు.
అకామా కాగితాల మీద,
ఇంటికి పంపిన ప్రతి దీనారు రసీదు మీద
పద్నాలుగేళ్ళుగా ఇదే పట్టు.

రబ్బరు కోసం సొరుగంతా వెతికాను.
ఇంకుతో పెట్టిన టిక్కు, రబ్బరుకి లొంగుతుందా!
పక్కన సన్నగా రాశాను: ముడి వేస్తాడు.

ట్యాంకరు కదులుతోంది.
ముందు సీట్లో హనోకు, కుడిచేతిలో ఊడిన బూటు.
ఎడమచెయ్యి ఛాతీ మీదుగా సాచి
కుడి కిటికీలోంచి నాకు టాటా చెబుతున్నాడు,
మధ్యలో ఎక్కడా ఆగకుండా.

ఫారం అప్పటికే బీరువాలో ఉంది,
తాళంచెవి ఆఫీసులో.